సొంత వెబ్‌సైటులో పంట అమ్ముతున్నారా? కొనుగోలుదారుల వివరాల విషయంలో చట్టం ఏం చెబుతోంది?

రాప్తాడు చుట్టుపక్కల ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఆ కాస్త వానతో ఎర్ర నేలలో పండించిన వేరుశనగను, కొర్రను, బోరు నీళ్లతో కాపాడుకున్న చీనీని మండీలో చెప్పిన ధరకు వదిలేయాలంటే ఏ రైతుకైనా మనసొప్పదు. అందుకే కొందరు రైతులు గానుగ నూనె ఆడించి, కొర్రలు బియ్యం పట్టించి, చీనీ కాయలు పెట్టెల్లో సర్ది నేరుగా ఇళ్లకు పంపుతున్నారు. జాతీయ రహదారి ఊరి మీదుగానే పోతుంది. బెంగళూరు సుమారు 200 కిలోమీటర్లు. అక్కడ కొనేవాళ్లు ఉన్నారు.

ఫోనులో ఆర్డర్లు రాసుకోవడం కష్టమయ్యాక చాలామంది సొంత వెబ్‌సైటు పెట్టుకుంటున్నారు. పేరు కొనుక్కొని, సర్వర్‌లో కాస్త చోటు అద్దెకు తీసుకొని, వర్డ్‌ప్రెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైటు కట్టించుకోవచ్చు. పెద్ద కంపెనీల యాప్‌లకు ఇచ్చే కమీషన్ మిగులుతుంది. ఇది మంచి పనే. అయితే కమీషన్‌తో పాటు ఆ కంపెనీ మోసే ఒక బాధ్యత కూడా మీ భుజం మీదికి వస్తుంది. కొనుగోలుదారుల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు ఇప్పుడు మీ దగ్గర ఉంటాయి. వాటిని ఎలా తీసుకోవాలి, ఎలా దాచాలి, ఎప్పుడు తీసేయాలి అన్నదానికి ఇప్పుడు చట్టం ఉంది. ఆ చట్టంలో చిన్న రైతుకు పనికొచ్చే సంగతులు ఈ వ్యాసంలో చూద్దాం.

అసలు ప్రమాదం ఏమిటి?

రాప్తాడు మండలంలో ఆరెకరాల రైతు ఒకరు ఉన్నారనుకుందాం. మూడేళ్లుగా సైటు ద్వారా నూనె, కొర్ర బియ్యం, చీనీ అమ్ముతున్నారు. ఆర్డర్లు చూసేది డిగ్రీ చదివే కూతురు. సైటులో 1,400 మంది కొనుగోలుదారుల వివరాలు పోగయ్యాయి. సైటు కట్టినప్పుడు పెట్టిన పాస్‌వర్డ్ మార్చలేదు. రెండేళ్లుగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయలేదు. ఒక రాత్రి ఎవరో సైటులోకి దూరి ఆ జాబితా మొత్తం తీసుకున్నారు.

మరునాటి నుంచి బెంగళూరులో కొనుగోలుదారులకు ఫోన్లు మొదలయ్యాయి. "మీరు రాప్తాడు నుంచి తెప్పించుకున్న చీనీ పెట్టె కొరియర్ ఆఫీసులో ఆగిపోయింది. రూ.25 కట్టాలి, లింకు పంపుతున్నాం." ఊరి పేరు సరిపోయింది, సరుకు సరిపోయింది, చిరునామా సరిపోయింది. నమ్మినవాళ్లు లింకు నొక్కారు. ఖాతాల్లో డబ్బులు పోయాయి. వాళ్లు ముందుగా అడిగేది దొంగను కాదు, రైతునే. మూడేళ్లు కష్టపడి సంపాదించుకున్న నమ్మకం మూడు రోజుల్లో పోయింది.

ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే. కానీ ఇలాంటి మోసం ఏ చిన్న వ్యాపారికైనా ఎదురుకావచ్చు. చట్టం అడుగుతున్న జాగ్రత్తల్లో చాలావరకు ఈ రైతు నష్టపోకుండా కాపాడేవే.

ఏ చట్టం? ఎప్పటి నుంచి?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 చేసింది. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని అమలుకు కావాల్సిన నియమాలను కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది.

ఈ నియమాలు విడతలుగా అమలవుతాయి. డేటా ప్రొటెక్షన్ బోర్డు ఏర్పాటుకు సంబంధించినవి వెంటనే మొదలయ్యాయి. మనలాంటి అమ్మకందారుల మీద పడే ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే 2027 మే నెల మధ్య నుంచి అవి పూర్తిగా వర్తిస్తాయి.

అప్పటిదాకా చట్టమే లేదని అనుకోకండి. ఇప్పటికే ఉన్నవి ఇవి:

• సమాచార సాంకేతిక చట్టం 2000, 43ఏ సెక్షన్, దాని కింద 2011లో వచ్చిన నియమాలు. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు ఖాతా, కార్డు, ఆరోగ్యం, వేలిముద్రల వంటి సున్నితమైన వివరాలను నిర్లక్ష్యంగా ఉంచి ఎవరికైనా నష్టం కలిగిస్తే పరిహారం కట్టాలి. వ్యాపారం చేసే ఒంటరి వ్యక్తి కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తారు. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక ఈ సెక్షన్ తొలగిపోతుంది.

• వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020. క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో అమ్మేవారు తమ అసలు పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు సైటులో కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

• సైబర్ దాడుల విషయంలో సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు. వీటి గురించి కింద చెప్పుకుందాం.

నాకు వర్తిస్తుందా?

డిజిటల్ రూపంలో తీసుకున్న వ్యక్తిగత వివరాలన్నిటికీ కొత్త చట్టం వర్తిస్తుంది. ఎవరి వివరాలను ఎందుకు వాడాలో, ఎలా వాడాలో నిర్ణయించేవారిని చట్టం "డేటా ఫిడ్యూషియరీ" అంటోంది. నమ్మకంతో ఇచ్చిన దాన్ని కాపాడే బాధ్యత ఉన్నవారు అని దాని భావం. ఆరెకరాల రైతు అయినా, రైతు ఉత్పత్తిదారుల సంఘం అయినా, సైటు పెట్టి ఆర్డర్లు తీసుకుంటే డేటా ఫిడ్యూషియరీయే.

కాగితం మీద మాత్రమే రాసుకున్న ఆర్డర్ల పుస్తకానికి ఈ చట్టం వర్తించదు. అదే పుస్తకంలోని పేర్లు, నంబర్లు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే అప్పటి నుంచి వర్తిస్తుంది. మీ ఇంటి పెళ్లికి పిలవాల్సిన చుట్టాల నంబర్లు ఫోనులో ఉంచుకోవడం సొంత పని, దానికి వర్తించదు.

కొన్ని వర్గాలకు, స్టార్టప్‌లకు కొన్ని బాధ్యతల నుంచి మినహాయింపు ప్రకటించే అధికారం 17వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. అలాంటి ప్రకటన మీ వర్గానికి వచ్చేదాకా "నేను చిన్నవాణ్ణి" అన్న కారణంతో బాధ్యత తప్పదు.

ఆర్డరు ఫారంలో ఏం అడగాలి, ఏం అడగకూడదు?

ఏ పనికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలన్నది చట్టం సూత్రం. విత్తనం మోతాదు మించితే పంట బాగా రాదు. ఇక్కడ కూడా అంతే. ఎక్కువ వివరాలు పోగేసినకొద్దీ ఎక్కువ కాపలా కాయాలి.

• అడగాల్సినవి: పేరు, సరుకు పంపాల్సిన చిరునామా, పిన్ కోడ్, ఫోను నంబరు.

• కావాలంటే ఇచ్చేది: ఈమెయిలు. బిల్లు ఈమెయిలుకు పంపేటట్లయితేనే అడగండి.

• అడగకూడనివి: పుట్టిన తేదీ, ఆధార్ నంబరు, కులం, కుటుంబ సభ్యుల వివరాలు. ఒక పెట్టె చీనీ పంపడానికి వీటితో పనిలేదు.

కార్డు నంబర్ల జోలికి అసలు వెళ్లకండి. 2022 అక్టోబరు 1 నుంచి కొనుగోలుదారుల కార్డు నంబర్లను అమ్మకందారులు దాచుకోవడాన్ని రిజర్వ్ బ్యాంకు నిషేధించింది. చెల్లింపు భాగాన్ని పేమెంట్ గేట్‌వేకు వదిలేయండి. యూపీఐలో డబ్బు పంపి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పెట్టేవారు చాలామంది ఉంటారు. అందులో వాళ్ల బ్యాంకు పేరు, యూపీఐ ఐడీ ఉంటాయి. లావాదేవీ నంబరు రాసుకొని ఆ బొమ్మను తీసేయండి. లేకపోతే అవన్నీ మీ ఫోను గ్యాలరీలో పేరుకుపోతాయి. పిల్లలు ఆడుకునే ఫోనులో అవి ఉండటం మంచిది కాదు.

సమ్మతి ఎలా తీసుకోవాలి?

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. కొనుగోలుదారు తనంతట తానుగా చిరునామా ఇచ్చి "రెండు లీటర్ల నూనె పంపండి" అంటే, ఆ చిరునామాను సరుకు పంపడానికి వాడుకోవచ్చు. దాన్ని చట్టం ఒప్పుకుంటుంది. అదే నంబరుకు పండగ ఆఫర్లు పంపడం వేరే పని. దానికి విడిగా సమ్మతి కావాలి. సరుకు కోసం ఇచ్చిన నంబరు ప్రచారానికి ఇచ్చినట్టు కాదు.

సమ్మతి అడిగేటప్పుడు ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి పనికిరాదు. కొనుగోలుదారు స్వయంగా టిక్కు పెట్టాలి. "ఆఫర్లకు ఒప్పుకుంటేనే సరుకు అమ్ముతాం" అనకూడదు. ఇచ్చిన సమ్మతిని ఎంత సులువుగా ఇచ్చారో అంతే సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి.

సమ్మతి అడిగే చోట నోటీసు ఇవ్వాలి. సులభమైన భాషలో ఉండాలి. రాజ్యాంగం 8వ షెడ్యూలులోని భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కొనుగోలుదారుకు కల్పించాలని చట్టం చెబుతోంది. కాబట్టి తెలుగులో రాయడం ఎలాగూ కావాలి. బెంగళూరు కొనుగోలుదారుల కోసం కన్నడ, ఇంగ్లిషు కూడా పెడితే మంచిది. ఈ నమూనాను మీ అవసరానికి తగ్గట్టు మార్చుకొని వాడుకోండి:

"మీ పేరు, చిరునామా, ఫోను నంబరు మీ ఆర్డరు పంపడానికి, బిల్లు ఇవ్వడానికి తీసుకుంటున్నాం. సరుకు చేరవేసే కొరియర్ సంస్థకు, చెల్లింపు సంస్థకు అవసరమైనంత మేరకే ఇస్తాం. ఎవరికీ అమ్మం. మీ గురించి మా దగ్గర ఏ వివరాలు ఉన్నాయో అడిగి తెలుసుకోవచ్చు. తప్పులుంటే దిద్దించుకోవచ్చు, తీసేయమని అడగవచ్చు. ఇందుకు ఫలానా నంబరుకు మెసేజ్ చేయండి. మా జవాబుతో తృప్తి పడకపోతే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు."

దీని కింద విడిగా ఒక ఖాళీ గడి: "కొత్త పంట వచ్చినప్పుడు నాకు మెసేజ్ పంపండి. వద్దనుకుంటే ఎప్పుడైనా ఆపమని చెబుతాను."

పాత కొనుగోలుదారుల సంగతి? చట్టం అమల్లోకి రాకముందు సమ్మతి ఇచ్చినవారికి, అమల్లోకి వచ్చాక వీలైనంత త్వరగా ఇదే నోటీసు పంపాలి. వాళ్లు వద్దనేదాకా వివరాలు వాడుకోవచ్చు. ఎప్పుడూ సమ్మతి అడగకుండానే ప్రచారం పంపుతూ వచ్చినవారి విషయంలో కొత్తగా అడగడమే సరైన దారి.

వాట్సాప్ గ్రూపుల గురించి ఒక మాట. 200 మంది కొనుగోలుదారులను ఒకే గ్రూపులో చేర్చితే ఒకరి నంబరు మిగతా 199 మందికి తెలుస్తుంది. ముఖ్యంగా మహిళలకు దీనివల్ల ఇబ్బంది. గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి. అందులో ఒకరి నంబరు మరొకరికి కనిపించదు.

సైటుకు తాళం ఎలా వేయాలి?

"తగిన భద్రతా చర్యలు" తీసుకోవాలని చట్టం చెబుతోంది. చిన్న సైటుకు అవి ఏమిటంటే:

1. సైటు చిరునామా https తో మొదలవ్వాలి. అంటే కొనుగోలుదారు రాసిన వివరాలు దారిలో ఎవరూ చదవలేని రూపంలో ప్రయాణిస్తాయి. చాలా హోస్టింగ్ సంస్థలు దీన్ని ఉచితంగానే ఇస్తాయి.

2. సైటు నిర్వహణ పాస్‌వర్డ్ పొడవుగా, మరెక్కడా వాడనిదిగా ఉండాలి. ఊరి పేరు, ఫోను నంబరు పెట్టకండి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్ కూడా అడిగే ఏర్పాటు చేసుకోండి.

3. వర్డ్‌ప్రెస్‌ను, దానికి తగిలించిన ప్లగిన్లను వారానికోసారి అప్‌డేట్ చేయండి. వాడని ప్లగిన్లు తీసేయండి. దొంగలు ఎక్కువగా దూరేది పాతబడిన ప్లగిన్ల గుండానే.

4. వారానికోసారి సైటు నకలు తీసి సర్వర్‌లో కాకుండా మరోచోట పెట్టుకోండి. ఆ నకలులో కూడా కొనుగోలుదారుల వివరాలు ఉంటాయి. కాబట్టి దానికీ పాస్‌వర్డ్ పెట్టాలి.

5. సైటులోకి ఎవరు ఎప్పుడు వచ్చారో చూపే లాగ్ రికార్డులను కనీసం ఏడాది ఉంచాలని కొత్త నియమాలు చెబుతున్నాయి. హోస్టింగ్ సంస్థను అడిగి ఈ ఏర్పాటు చేయించుకోండి.

6. సందర్శకుల కదలికలను కనిపెట్టే ట్రాకింగ్ కోడ్‌లు సైటు కట్టినవారు పెట్టి ఉండవచ్చు. ఆ లెక్కలు మీరు చూడకపోతే తీయించేయండి.

సైటు కట్టినవారి చేతిలోనే తాళం ఉందా?

చాలామంది రైతుల సైట్లు తెలిసిన కుర్రవాడో, పట్నంలోని చిన్న దుకాణమో కట్టి ఇచ్చినవి. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుంది. సైటు పేరు కూడా వాళ్ల ఖాతాలోనే నమోదై ఉంటుంది. పొలం మీదై పాసుపుస్తకం వేరేవాళ్ల పేరున ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ముందు సైటు పేరును, హోస్టింగ్ ఖాతాను మీ పేరు మీదికి మార్పించుకోండి.

మీ తరఫున వివరాలను చూసేవారిని చట్టం "డేటా ప్రాసెసర్" అంటుంది. హోస్టింగ్ సంస్థ, సైటు నిర్వహించేవారు, మెసేజ్‌లు పంపే సంస్థ ఈ కోవలోకి వస్తారు. వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉంచుకోండి. పెద్ద సంస్థలకు ఆన్‌లైన్‌లోనే ఒప్పంద పత్రం ఉంటుంది. తెలిసిన కుర్రవాడైతే ఒక పేజీ కాగితం చాలు. వివరాలను వేరే పనికి వాడనని, భద్రంగా ఉంచుతానని, ఏదైనా జరిగితే వెంటనే చెబుతానని, పని మానేసినప్పుడు నకళ్లు తీసేస్తానని రాయించుకోండి. తప్పు వాళ్లది అయినా చట్టం ముందు జవాబు చెప్పాల్సింది మీరే.

తీసేయమంటే ఏం చేయాలి?

కొనుగోలుదారు తన వివరాలు చూపమంటే చూపాలి. తప్పులుంటే దిద్దాలి. తీసేయమంటే తీసేయాలి. ఫిర్యాదుకు 90 రోజులు మించకుండా జవాబు ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఎవరిని సంప్రదించాలో సైటులో స్పష్టంగా కనిపించాలి.

కానీ అన్నీ ఆ క్షణంలోనే చెరిపేయడం కుదరదు. ప్రచార జాబితా నుంచి పేరును అదే రోజు తీసేయండి. ఆర్డరు వివరాలను, వాటి లాగ్‌లను కనీసం ఏడాది ఉంచాలని నియమాలు చెబుతున్నాయి. జీఎస్టీలో నమోదైనవారు లెక్కలను, బిల్లులను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలి. చట్టం ఉంచమన్నదాన్ని ఉంచి, మిగిలినదాన్ని తీసేసి, ఆ సంగతి కొనుగోలుదారుకు చెప్పండి.

అడిగినప్పుడే కాదు, పని అయిపోయాక కూడా తీసేయాలి. ఏటా ఉగాది ముందు ఇల్లు దులుపుకున్నట్టు సైటునూ ఒకసారి దులపండి. ఏళ్ల తరబడి కొననివారి వివరాలు, మధ్యలో ఆగిపోయిన ఆర్డర్లు, పాత ఎక్సెల్ జాబితాలు ఎంత తగ్గితే మీ భారం అంత తగ్గుతుంది.

వివరాలు బయటపడితే మొదటి మూడు రోజులు

సైటు తెరవగానే తెలియని బొమ్మలు కనిపించినా, కొనుగోలుదారులకు అనుమానాస్పద ఫోన్లు వస్తున్నాయని తెలిసినా ఆలస్యం చేయకండి. భయపడి దాచిపెడితే కొనుగోలుదారులు మరింత నష్టపోతారు.

• మొదటి 6 గంటలు: పాస్‌వర్డ్‌లు మార్చండి. సైటును తాత్కాలికంగా మూసేయండి. లాగ్‌లు చెరపకండి, అవే ఆధారం. సైటులోకి అక్రమ ప్రవేశం, డేటా చోరీ వంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఆదేశాలు చెబుతున్నాయి. దాని ఉచిత ఫోను నంబరు 1800-11-4949.

• ఆలస్యం లేకుండా: దెబ్బతిన్న ప్రతి కొనుగోలుదారుకు మెసేజ్ పంపాలి. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక డేటా ప్రొటెక్షన్ బోర్డుకు కూడా వెంటనే తెలపాలి.

• 72 గంటల్లో: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం చర్యలు తీసుకున్నారు అన్న పూర్తి వివరాలు బోర్డుకు ఇవ్వాలి.

ఎవరికైనా డబ్బు పోతే 1930 నంబరుకు వెంటనే ఫోను చేయమని చెప్పండి. త్వరగా చేస్తే డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపే అవకాశం ఉంటుంది.

కొనుగోలుదారులకు పంపే మెసేజ్ ఇలా ఉండవచ్చు: "ఫలానా తేదీన మా వెబ్‌సైటులోకి ఎవరో అక్రమంగా ప్రవేశించారు. మీ పేరు, చిరునామా, ఫోను నంబరు వాళ్లకు దొరికి ఉండవచ్చు. మీ కార్డు, బ్యాంకు వివరాలు మా దగ్గర ఉంచం. మా పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి, లింకులు నొక్కకండి. సైటును మూసి సరిచేస్తున్నాం. వివరాలకు ఈ నంబరుకు ఫోను చేయండి."

రైతు సంఘాలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక

సంఘాల సైట్లలో కొనుగోలుదారుల వివరాల కంటే సున్నితమైనవి ఉంటాయి. అవి సభ్య రైతుల సొంత వివరాలు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు, 1బీ నకలు ఇలా చాలా ఉంటాయి. "పారదర్శకత" పేరుతో ఈ జాబితాను సైటులో పెట్టడం పెద్ద తప్పు.

దీనికి మన జిల్లాతో ముడిపడిన పాఠం ఉంది. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. పదకొండేళ్ల తర్వాత, 2017 మే నెలలో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు బహిరంగంగా కనిపించాయని అందులో ఉంది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పోర్టల్, రెండోది చంద్రన్న బీమా పోర్టల్. నాలుగింటిలో కలిపి 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని ఆ నివేదిక అంచనా వేసింది. అక్కడ ఎవరూ గోడ దూకి దొంగతనం చేయలేదు. కూలి డబ్బు ఎవరికి చేరిందో అందరూ చూడాలని పెట్టిన జాబితాలోనే అవసరం లేని వివరాలూ చేరాయి.

ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రదర్శించకూడదని ఆధార్ చట్టం 29వ సెక్షన్ కూడా చెబుతోంది. సంఘం లెక్క చూపాలంటే మొత్తాలు చూపండి, సభ్యుల సంఖ్య చూపండి. ఎవరి లెక్క వారికి విడిగా పంపండి. సభ్యుల ఆధార్ నకళ్లను సైటు ఉన్న సర్వర్‌లోనే దాచకండి.

పొలం చూడటానికి వచ్చిన బడిపిల్లల ఫొటోలు సైటులో పెట్టే అలవాటు కూడా ఉంది. 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి, అదీ నిర్ధారించుకోగలిగిన సమ్మతి కావాలి. అది లేకుండా పిల్లల ముఖాలు, పేర్లు పెట్టకండి.

జరిమానా ఎంత?

భద్రతా చర్యలు తీసుకోకపోతే రూ.250 కోట్ల వరకు, వివరాలు బయటపడిన సంగతి చెప్పకపోతే రూ.200 కోట్ల వరకు, పిల్లల వివరాల బాధ్యతలు తప్పితే రూ.200 కోట్ల వరకు, ఇతర ఉల్లంఘనలకు రూ.50 కోట్ల వరకు జరిమానా అని చట్టంలో ఉంది. ఈ అంకెలు చూసి సైటు మూసేయాల్సిన పనిలేదు. ఇవి గరిష్ఠ పరిమితులు. తప్పు ఎంత తీవ్రమైనది, ఎంతకాలం సాగింది, ఎలాంటి వివరాలు బయటపడ్డాయి, నష్టం తగ్గించడానికి ఏం చేశారు, జరిమానా ఆ వ్యక్తి మీద ఎంత భారం వేస్తుంది అన్నవన్నీ బోర్డు చూడాలని 33వ సెక్షన్ చెబుతోంది. మీరు తీసుకున్న జాగ్రత్తలకు కాగితం రుజువు ఉంచుకోవడం అందుకే ముఖ్యం.

తరచూ వచ్చే సందేహాలు

ప్ర: నా సైటులో ఆర్డరు ఫారం లేదు. ఫోను నంబరు మాత్రమే పెట్టాను. అయినా వర్తిస్తుందా?
జ: ఫోనులో వచ్చిన చిరునామాలను వాట్సాప్‌లోనో ఎక్సెల్‌లోనో ఉంచుకుంటే వర్తిస్తుంది. కాకపోతే పని చాలా తేలిక.

ప్ర: అమెరికాలో ఉన్న పిల్లలు అనంతపురంలోని తల్లిదండ్రుల కోసం ఆర్డరు పెడుతున్నారు. విదేశీ చట్టాలు కూడా చూడాలా?
జ: మన చట్టాన్ని సరిగ్గా పాటిస్తే చాలావరకు సరిపోతుంది. ఐరోపా దేశాల్లోని కొనుగోలుదారులకు ప్రత్యేకంగా అమ్మకాలు మొదలుపెడితే మాత్రం అక్కడి జీడీపీఆర్ చట్టం గురించి నిపుణులను అడగండి.

ప్ర: పక్క ఊరి రైతు తన కొత్త పంట కోసం నా కొనుగోలుదారుల జాబితా అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?
జ: ఇవ్వకూడదు. వాళ్లు నంబరు ఇచ్చింది మీకు. సమ్మతి ఇచ్చిన కొనుగోలుదారులకు ఆ రైతు ఫోను నంబరు మీరు పంపండి. ఇష్టమైనవాళ్లు తామే ఫోను చేస్తారు.

ఈ వారంలోనే చేయాల్సిన పనులు

☐ సైటు పేరు, హోస్టింగ్ ఖాతా మీ పేరున ఉన్నాయో లేదో చూడండి.
☐ పాస్‌వర్డ్ మార్చండి, అప్‌డేట్‌లు చేయించండి.
☐ ఆర్డరు ఫారంలో అవసరం లేని గడులు తీయించండి.
☐ పైన ఇచ్చిన నోటీసును తెలుగులో పెట్టించండి.
☐ మీ పేరు, చిరునామా, ఫిర్యాదుల నంబరు సైటు అడుగు భాగంలో కనబడేలా చేయండి.
☐ ఎవరెవరి దగ్గర కొనుగోలుదారుల వివరాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి.
☐ వాట్సాప్ గ్రూపును బ్రాడ్‌కాస్ట్ జాబితాగా మార్చండి.

వీటిలో చాలావాటికి డబ్బు ఖర్చు లేదు. సైటు చూసుకునే పిల్లలతో ఒక మధ్యాహ్నం కూర్చుంటే సగం పని అయిపోతుంది. 2027 మే దాకా ఆగకుండా చీనీ కోతలు మొదలయ్యేలోపు ముగించుకుంటే, సీజనులో ఆర్డర్లు వచ్చినప్పుడు నిశ్చింతగా ఉండవచ్చు.

గమనిక: ఈ వ్యాసం అవగాహన కోసం రాసినది. మీ సైటుకు సంబంధించి ప్రత్యేక సమస్య ఉంటే న్యాయవాదిని సంప్రదించండి. చట్టాలు, గడువులు మారే అవకాశం ఉంటుంది కనుక తాజా ప్రకటనలు గమనిస్తూ ఉండండి.